మెదక్ నుంచి నిలబడిన ఇందిరమ్మ



ఎన్నికల తేదీ ప్రకటించాక వచ్చే మొదటి ఆదివారం, దివ్యబలిపూజ ముగించుకుని నేను గుడి మెట్లు దిగేసరికి ఒక ప్రశ్న నాకోసం కాచుకుని ఉంటుంది. ఎవరికి వెయ్యమంటారు ఫాదర్ అని. అడిగేవారిలో బీహెచ్ఈఎల్‌లో పనిచేసి రిటైరైన పెద్దలుంటారు. పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే కుర్రాళ్లుంటారు. సంగారెడ్డి వైపు పల్లెల నుంచి ఆటో కట్టించుకుని వచ్చే తల్లులుంటారు. నేను ఎవరి పేరూ చెప్పను. చెప్పకూడదు కూడా. బలిపీఠం ఏ పార్టీ వేదికా కాదు గదా.

అయితే పేరు చెప్పనని నవ్వి తప్పించుకుంటే సరిపోదని ఈమధ్య నాకు అనిపిస్తోంది. ఓటు వేయడం మన బాధ్యత అని శ్రీసభ సత్యోపదేశం నేర్పుతున్నది. మరి వేసేముందు ఏం తెలుసుకోవాలో, ఎలా తెలుసుకోవాలో చెప్పవలసిన పని మాది కాదా? అందుకని ఈ వారం ఒక అభ్యర్థి జీవితాన్ని మీ ముందు పెడుతున్నాను. ఆ అభ్యర్థి గతించి నలభై ఏళ్లు దాటింది గనుక నేను ఎవరికో ప్రచారం చేస్తున్నానని మీరు అనుమానపడనక్కరలేదు. పైగా ఆమె మన అభ్యర్థే. 1980 జనవరిలో మన మెదక్ లోక్‌సభ స్థానం నుంచి నిలబడిన శ్రీమతి ఇందిరాగాంధీ.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఊరి గోడలమీద చెయ్యి గుర్తు వేస్తుంటే సున్నం డబ్బా పట్టుకుని వెంట తిరిగినవాణ్ణి. మా ఇంట్లో ఆమెను పేరుపెట్టి పిలిచినవారు లేరు. ఇందిరమ్మ అనేవారు, లేదా అమ్మ అనేవారు. ఆమె గురించి మాకేం తెలుసు? నెహ్రూగారి కూతురని తెలుసు. పేదలంటే ప్రేమ అని తెలుసు. అంతకుమించి మా నాయన కూడా ఏమీ చెప్పలేకపోయేవాడు. ఇప్పుడు ఆ జీవితాన్ని నెమ్మదిగా తిరగేసి చూస్తే, మాకు తెలియనిదే ఎక్కువని అర్థమవుతోంది.

ఆమె 1917 నవంబరు 19న అలహాబాదులో పుట్టారు. కొంతకాలం అక్కడి సెయింట్ మేరీస్ కాన్వెంటులో చదివారు. తర్వాత స్విట్జర్లాండు, పూనా, శాంతినికేతనం, ఆక్స్‌ఫర్డు. తల్లి కమలమ్మ క్షయతో 1936లో పరదేశంలోనే కన్నుమూశారు. తండ్రి జీవితంలో చాలా కాలం జైళ్లలోనే గడిచింది. 1942లో ఫిరోజ్ గాంధీగారిని పెళ్లాడిన కొద్ది నెలలకే ఆమె కూడా జైలుకు వెళ్లారు. ఒంటరి బాల్యం, పెద్ద ఇల్లు, చుట్టూ ఎప్పుడూ రాజకీయం. ఈ భాగం అందరికీ తెలిసిందే గనుక త్వరగా దాటుతున్నాను.

1959లో ఆమె కాంగ్రెసు అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడే కేరళలో జరిగిన సంగతి మన కతోలికులు ప్రత్యేకంగా జ్ఞాపకం ఉంచుకోవాలి. 1957లో అక్కడ ఎన్నికై వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం పాఠశాలలపై ఒక బిల్లు తెచ్చింది. మన సంస్థల మీద ప్రభుత్వ అదుపు పెరుగుతుందని కేరళ శ్రీసభ గట్టిగా ఎదిరించింది, ఇతర సంఘాలతో కలిసి వీధుల్లోకి వచ్చింది. ఆ ప్రభుత్వాన్ని తొలగించాలని ఢిల్లీలో పట్టుబట్టినవారిలో ఇందిరమ్మ ముఖ్యులు. 1959 జులై 31న ఆ ప్రభుత్వం రద్దయింది. మనవాళ్లు సంతోషించారు. నేనైనా ఆ రోజుల్లో కేరళలో గురువుగా ఉంటే సంతోషించేవాడినేమో. కాని ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాన్ని మధ్యలో దించేయడం అనే పని ఎలాంటిదో అప్పుడు మనం ఆగి ఆలోచించలేదు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఇరవై ఐదేళ్ల తర్వాత అది మన ఇంటికే వచ్చింది.

1966 జనవరిలో ఆమె ప్రధానమంత్రి అయ్యారు. 1969 జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. అంతవరకు బ్యాంకు గడప ఎరుగని పల్లెలకు శాఖలు వచ్చాయి. మా విచారణలో ఒక ముసలాయన ఉన్నారు. బ్యాంకు అప్పుతో రెండు గేదెలు కొని పిల్లల్ని చదివించానని ఈనాటికీ చెబుతారు. గరీబీ హటావో అన్న నినాదంతో ఆమె 1971 ఎన్నికలు గెలిచారు. రాజభరణాలు రద్దుచేశారు. ఆ డిసెంబరు యుద్ధంతో బంగ్లాదేశ్ పుట్టింది. దేశమంతా ఆమె పేరు మారుమోగింది.

అదే 1971లో పార్లమెంటు మరొక చట్టం చేసింది. గర్భవిచ్ఛిత్తిని కొన్ని షరతులతో చట్టబద్ధం చేసే చట్టం. 1972 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. తల్లి గర్భంలోని ప్రాణం గురించి శ్రీసభ బోధ మీకు తెలుసు. ఆ బోధను అంత గట్టిగా నమ్మే మన కుటుంబాల్లో ఎంతమందికి ఆ చట్టం వచ్చినట్టయినా తెలుసు? యుద్ధవిజయం తెలుసు, బ్యాంకులు తెలుసు. ఈ ఒక్కటి మన చెవిన పడలేదు. పడినా తర్వాతి ఎన్నికల్లో ఒక్కరూ ఆమెను అడిగినట్టు నేను వినలేదు.

ఇక 1975. ఆ జూన్ 12న అలహాబాదు హైకోర్టు, 1971 ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని ఆమె ఎన్నికను కొట్టివేసింది. జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి వచ్చింది. ప్రతిపక్ష నాయకులు జైళ్లకు వెళ్లారు. పత్రికలకు సెన్సారు. మనిషిని విచారణ లేకుండా నిర్బంధిస్తే కోర్టుకు వెళ్లే దారి కూడా లేకుండా పోయింది. 1976లో కుటుంబ నియంత్రణ పేరుతో ఉత్తరాదిన పేదలను బలవంతంగా శిబిరాలకు తరలించారు. ఆ ఒక్క సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అయితే అదే కాలంలో వెట్టిచాకిరీని నిషేధించే చట్టం కూడా వచ్చింది, స్త్రీపురుషులకు సమాన వేతనం ఇవ్వాలన్న చట్టం వచ్చింది. సెక్యులర్ అన్న మాట మన రాజ్యాంగ పీఠికలో చేరినదీ అప్పుడే. మైనారిటీలుగా మనం రోజూ ఆసరాగా తలచే మాట, ప్రతిపక్షమంతా జైల్లో ఉన్న రోజుల్లో వచ్చింది. మనిషి జీవితం ఇలాగే ఉంటుంది. మంచి ఒక సంచిలో, చెడు ఒక సంచిలో కట్టి ఎవరూ మనకు అందించరు.

1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్‌లో, బీహారులో కాంగ్రెసుకు ఒక్క సీటు కూడా రాలేదు. రాయబరేలీలో ఆమె స్వయంగా ఓడిపోయారు. మరి మన ఆంధ్రప్రదేశ్‌లో? 42 సీట్లలో 41 కాంగ్రెసుకే ఇచ్చాం. నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారు ఒక్కరే జనతా తరఫున గెలిచారు. ఒకే ప్రభుత్వం, ఒకే పాలన, అక్కడ అలాంటి తీర్పు, ఇక్కడ ఇలాంటి తీర్పు. అక్కడివారు మనకంటే తెలివైనవారు కారు. వారి ఇంటి మీదికి వచ్చిన ఆపద మన ఇంటి మీదికి అంతగా రాలేదు. పొరుగింట ఏం జరిగిందో చెప్పవలసిన పత్రికలకు నోరు కట్టేసి ఉంది. మనం తెలిసి క్షమించామంటే అదొక తీర్పు అనుకోవచ్చు. తెలియక వేశాం. అది తీర్పు కాదు.

మేజర్ సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు గారు వివేకం గురించి చెప్పిన క్రమం నాకు బాగా నచ్చేది. ముందు విచారించడం, తర్వాత తీర్పు చేసుకోవడం, ఆ తర్వాత పని చేయడం. ఓటు మూడవ మెట్టు. మనం ఎక్కువసార్లు మొదటి రెండు మెట్లు ఎక్కకుండా తిన్నగా మూడో మెట్టు మీదికి దూకుతాం.

1978 నవంబరులో ఆమె కర్ణాటకలోని చిక్కమగళూరు నుంచి గెలిచి మళ్లీ పార్లమెంటుకు వచ్చారు. కొద్ది వారాలకే సభ నుంచి బహిష్కరించి కొద్దిరోజులు జైల్లో పెట్టారు. జనతా ప్రభుత్వం లోపలి కుమ్ములాటలతో కూలిపోయింది. 1980 జనవరి ఎన్నికల్లో ఆమె రెండు చోట్ల నిలబడ్డారు. ఒకటి రాయబరేలీ, రెండవది మన మెదక్.

ఇక్కడ ఆమెపై పోటీచేసిన ముఖ్య ప్రత్యర్థి ఎవరో మీలో చాలామందికి గుర్తుండదు. జనతా పార్టీ అభ్యర్థి, మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఎస్. జైపాల్‌రెడ్డిగారు. అత్యవసర పరిస్థితి నచ్చక కాంగ్రెసును విడిచి వచ్చిన మనిషి. అంటే ఆ ఎన్నికలో మెదక్ ఓటరు ముందు ప్రశ్న స్పష్టంగానే ఉంది. ఒకవైపు ఎమర్జెన్సీ పెట్టినవారు, ఇంకొకవైపు దాన్ని కాదని బయటికి వచ్చినవారు. మరి ఆ ప్రశ్న మా ఊరిదాకా వచ్చిందా? రాలేదు. వచ్చిందల్లా అమ్మ వస్తోందన్న వార్త. ఆమె 2 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. రెండు చోట్లా గెలిచాక రాయబరేలీని వదులుకుని మెదక్‌ను ఉంచుకున్నారు. మా నాయన ఆ రోజు ఊరందరికీ బెల్లం పంచాడు. (జైపాల్‌రెడ్డిగారు 1999లో తిరిగి కాంగ్రెసులోనే చేరారు, కేంద్రమంత్రి కూడా అయ్యారు. అభ్యర్థుల మాట తెలుసుకోవడం ఒకసారితో తీరిపోయే పని కాదని చెప్పడానికే ఈ మాట.)

మన కతోలికుల్లో కొద్దిగా చదువుకున్నవారికి ఆ ఎన్నికలో ఒక కారణం ఉండేది. 1978లో జనతా సభ్యుడు ఓంప్రకాశ్ త్యాగిగారు మతమార్పిడులపై ఒక ప్రైవేటు బిల్లు తెచ్చారు. క్రైస్తవులు దేశమంతటా నిరసన తెలిపారు. 1979లో లోక్‌సభ రద్దుకావడంతో ఆ బిల్లూ పోయింది. దాన్ని తలచుకుని జనతాకు వద్దు అనుకున్నవారున్నారు. వారిని నేను తప్పుపట్టను, అది మన విశ్వాసస్వేచ్ఛకు సంబంధించిన సంగతి. కాని త్యాగి బిల్లును గుర్తుంచుకున్నవారు 1971 గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని ఎందుకు మరిచారు? దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును, అన్నేళ్లు అధికారంలో ఉండి, అంత మెజారిటీ చేతిలో ఉండి ఆమె మార్చలేదని ఎందుకు అడగలేదు? మనల్ని భయపెట్టిన ఒక్క విషయాన్ని పట్టుకుని మిగిలిన కాగితం చదవకుండా మడిచి జేబులో పెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. అభ్యర్థి మన గుడికి వచ్చి కొవ్వొత్తి వెలిగించాడా లేదా అన్నది ఆ అలవాటులోనిదే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతికి వస్తాను. అది మన నీళ్ల సంగతి.

1972 జూన్‌లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోములో పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి మొదటి పెద్ద మహాసభ జరిగింది. ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధాని కాక, అక్కడికి వెళ్లిన ప్రభుత్వాధినేత ఇందిరమ్మ ఒక్కరే. పేదల ఆకలి తీరకుండా నీటినీ గాలినీ కాపాడలేమని, ఆ రెంటినీ కలిపి చూడాలని ఆమె అక్కడ వాదించారు. మాటతో ఆగలేదు. 1974లో జలకాలుష్య నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1976లో మన రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. 1981లో వాయుకాలుష్య చట్టం వచ్చింది. నీళ్ల విషయంలో ఇంత స్పష్టంగా మాట్లాడిన జాతీయ నాయకులు ఆ కాలంలో అరుదు.

అలాంటి అభ్యర్థి మనకు ఎంపీ అయ్యారు. 1975లో పటాన్‌చెరులో ఇక్రిశాట్‌కు పునాదిరాయి వేసింది ఆమే గనుక ఈ నేల ఆమెకు కొత్త కాదు. వెనుకబడిన జిల్లా అని మెదక్‌కు రాయితీలిచ్చారు. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల రసాయనాలు, మందులు తయారుచేసే ఫ్యాక్టరీలు వరుసగా లేచాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. పనులు వచ్చాయి, జీతాలు వచ్చాయి, మన విచారణల్లో పక్కా ఇళ్లు లేచాయి. ఇవన్నీ నిజమైన మేళ్లే. వాటితోపాటు ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి మంజీర దాకా వెళ్లింది. బావుల్లో నీళ్లు రంగు మారాయి. వరి ఎర్రబారింది, పశువులు ఆ నీళ్లు ముట్టడం మానేశాయి. పల్లెవాసుల పక్షాన కేసు సుప్రీంకోర్టుకు చేరింది 1990లో. మురుగును శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం పటాన్‌చెరులో వచ్చింది 1994లో. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతాన్ని దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది.

చట్టం చేయించింది మన ఎంపీ. చట్టాన్ని కాదని మురుగు పారింది మన ఊళ్లలో. ఆ రెంటినీ కలిపి ఒక్క ప్రశ్నగా ఆమె ముందు పెట్టవలసింది మనం. ఆమె ఏం చేసేవారో నేను చెప్పలేను. కాని నీళ్లపై ఆమె మాట ఏమిటో మనకు తెలిసి ఉంటే, అడిగే హక్కు మన చేతిలో ఉండేది. మన ఇంటి గురించి అభ్యర్థి ఇదివరకే ఎక్కడో ఒక మాట ఇచ్చి ఉంటారు. ఆ మాట మనకు తెలియకపోతే దాన్ని తప్పినా మనకు తెలియదు.

1984 జూన్‌లో అమృతసర్ స్వర్ణదేవాలయంలోకి సైన్యాన్ని పంపారు. ఆగస్టు 16న మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వాన్ని గవర్నరు రాంలాల్ తొలగించారు. కేరళ సంగతి గుర్తుంచుకోమన్నాను గదా, అదే ఇది. అప్పుడు ఢిల్లీలో ప్రధాని మన మెదక్ ఎంపీనే. ప్రజలు వీధుల్లోకి వచ్చాక, నెల తిరిగేసరికి ఆ ప్రభుత్వాన్ని మళ్లీ నిలబెట్టవలసి వచ్చింది. అక్టోబరు 31 ఉదయం తన ఇంటి ఆవరణలోనే, సొంత అంగరక్షకుల తూటాలకు ఆమె ప్రాణాలు విడిచారు. మా ఊరి బడిలో ఆ రోజు గంట కొట్టి ఇంటికి పంపారు. మా అమ్మ పొయ్యి వెలిగించలేదు. ఆ తర్వాతి రోజుల్లో ఢిల్లీలో వేలాది సిక్కులను ఊచకోత కోశారు. ఆ డిసెంబరు ఎన్నికల్లో సానుభూతి గాలికి దేశమంతా కాంగ్రెసు గెలిస్తే, మన రాష్ట్రంలో 30 సీట్లు తెలుగుదేశానికి వచ్చాయి. వాటిలో మెదక్ ఒకటి. ఆమెకోసం పొయ్యి వెలిగించని ఊళ్లే ఆమె పార్టీకి ఓటు వేయలేదు. ఆగస్టులో ఏం జరిగిందో ఈసారి అందరికీ తెలుసు గనుక.

ఆనాటితో పోలిస్తే నేడు మీ చేతిలో ఎన్నో ఉన్నాయి. 2002, 2003లలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్ల ప్రతి అభ్యర్థీ తనమీద ఉన్న క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలి. కేసులున్నవారు వాటిని ప్రచారకాలంలో మూడుసార్లు పత్రికల్లో ప్రకటించాలి. ఎన్నికల సంఘం వారి మొబైల్ యాప్‌లో మీ పిల్లలు రెండు నిమిషాల్లో ఆ కాగితం తీసి చూపగలరు. చూపించమనండి. అయితే నక్కవాగు గురించి ఆ కాగితంలో ఉండదు. దళిత క్రైస్తవుల హోదా గురించి ఉండదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా కూలీలు చనిపోయారే, అలాంటివి మళ్లీ జరగకుండా ఏం చేస్తారో ఉండదు. చనిపోయినవారిలో చాలామంది ఒడిశా, బీహారు వంటి రాష్ట్రాల నుంచి బతకడానికి వచ్చినవారు. వారిలాంటివారు మన పూజల్లో వెనుక బల్లల మీద కూర్చుంటారు. వారిలో చాలామంది ఓటు ఇక్కడ లేదు, ఊళ్లో ఉంది. వారి తరఫున అడగవలసినవారు కూడా మీరే. అభ్యర్థి మీ వాడకు వచ్చినప్పుడు శాలువాకు బదులు ఒక కాగితం మీద ఈ ప్రశ్నలు రాసి ఇవ్వండి. ఏ పార్టీ వారు వచ్చినా అదే కాగితం ఇవ్వండి. ఎవరు ఏం చెప్పారో రాసి పెట్టుకోండి. చెప్పకుండా నవ్వి వెళ్లినవారి పేరు పక్కన అదీ రాయండి.

గేదెల ముసలాయన సంగతి చెప్పాను గదా. ఆయన పొలం నక్కవాగు పక్కనే. బ్యాంకు అప్పు తీరిన కొన్నేళ్లకే బావి పాడై, ఆ గేదెలను అమ్ముకున్నారు. మొన్న ఆయనకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పాను. 1980లో ఆమె సభకు తాను నడిచి వెళ్లానని, ముందు వరుసలో నిలబడ్డానని చెప్పుకొచ్చారు. ఆమెను ఏమైనా అడిగారా తాతా అన్నాను. అడిగేందుకేం తోచలేదన్నారు. జెండా ఊపుతూ ఉన్నారట, చెయ్యి నొప్పి పుట్టేదాకా.